మొదటి గిన్నె

మధ్యాహ్నం పన్నెండు కాగానే తేరియో వారింట్లో మాటలు ఆగిపోయాయి. అత్తాకోడళ్ల మధ్య అవి పోయిన వారమే ఆగిపోయాయి కాబట్టి ఇర్మాకి పెద్ద తేడా తెలియలేదు.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. సుత్తి పట్టకూడదు, సూది పట్టకూడదు, మట్టి తవ్వకూడదు. క్రీస్తు సిలువ మీద ఉన్న ఆ మూడు గంటలూ కుర్చీల్లో కూర్చుని ఊరుకోవాలి. క్యుబెక్ నుంచి సరిహద్దు దాటి ఇక్కడి మిల్లుల్లోకి పనికొచ్చిన ముత్తాతల నాటి నియమం అది. ఊళ్లో మిగతా ఫ్రెంచి ఇళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. ఈ ఇల్లు వదలకపోవడానికి కారణం వంటింటి కిటికీ పక్కన, ఎడమచేతికి పిండికట్టుతో కూర్చుని ఉంది.

ఆవిడ పేరు అల్ఫాన్సీన్. మనవలు మెమేర్ అని పిలిచేవారు, అంటే నాయనమ్మ. ఆ పిలుపు ఇల్లంతా పాకి కొడుక్కీ కోడలికీ కూడా ఆవిడ మెమేరే అయిపోయింది. నేలమాళిగ మెట్ల మీద జారిపడి, మణికట్టు విరిగి, కేకలు పెడుతూ పడి ఉన్న సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. కొడుకు నార్మన్ పనిలో ఉన్నాడు. కోడలు ఇర్మా చర్చి అడుగున ఉన్న వంటశాలలో ఊళ్లోని పేదవాళ్లకి సూపు పోస్తోంది.

"ఊరందరి ఆకలీ వినపడుతుంది నీకు. నా కేక వినపడలేదు." మెమేర్ కోడలితో అన్న ఆఖరి మాట అది.

ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే ఇర్మా గోడకున్న సిలువ దించి, చేత్తో పట్టుకుని మాటిచ్చింది. గుడ్ ఫ్రైడే నాడు వంటశాల గడప తొక్కను. మూడింటి ప్రార్థనకి మిమ్మల్ని నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. ఆ రోజు తెల్లారినప్పటి నుంచి ఈస్టర్ పూజ అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ నోట పెట్టను. మెమేర్ సిలువ వంక చూసింది గాని కోడలి వంక చూడలేదు. మధ్యలో నిలబడ్డ నార్మన్ మాత్రం ఇద్దరి తరఫునా తానే తలూపాడు.

ఇప్పుడు ఆ నిశ్శబ్దంలో ఫోన్ మోగింది.

ఇర్మా దాన్ని పట్టుకుని సామాన్ల గదిలోకి పరుగెత్తింది. మోగినంతసేపూ మెమేర్ వేళ్ల మధ్య జపమాల ఆగిపోయింది.

"అబాయో, తలుపు ఇంకా తియ్యలేదేంటి?" హలీమో గొంతు. సొమాలీ వాళ్లు అక్కని పిలిచే పిలుపు అది. వంటశాల మొదలైన నాటి నుంచి ఇర్మా ఆవిడకి అక్కే.

"ఏ తలుపు?" గుసగుసగా అడిగింది ఇర్మా.

"మన తలుపే. మసీదుకి పోతూ ఉల్లిపాయల బస్తా దించిపోదామని ఆగాను. లోపల దీపం లేదు, పొయ్యి లేదు."

"సిడ్నీ రాలేదా?"

"సిడ్నీ ఎందుకొస్తాడు? రాత్రికి వాళ్ల యూదుల పస్కా పండగ, పులిసిన రొట్టె ఇంట్లో ఉండకూడదు. ఇంట్లో మూలమూలా రొట్టెముక్కలు ఏరుకుంటూ ఉంటాడు."

"ఇవాళా పస్కా?" అంది ఇర్మా.

"ఇవాళే. నాకు తెలుసు. నువ్వున్నావుగా అనుకున్నా. రంజాన్ నెలంతా సాయంత్రాలు మాకు సెలవు కదా."

"గుడ్ ఫ్రైడే మాకు సెలవు కదా" అంది ఇర్మా.

ఎవరి పెద్దరోజు వాళ్లది. ఆ రోజు మిగతా ఇద్దరూ వంటశాల చూసుకుంటారు. మొదట్లో అనుకున్న ఒప్పందం అంతే. క్రిస్మస్ నాడు సిడ్నీ కూరలు తరిగేవాడు, హలీమో వడ్డించేది. యూదులు ప్రాయశ్చిత్తానికి ఉపవాసం ఉన్న రోజున ఇర్మా సూపు కాచేది. రంజాన్ నెలలో ఇర్మా, సిడ్నీ ఇద్దరే చచ్చీచెడీ లాక్కొచ్చేవారు. ఇన్నేళ్లలో ఒకరికొకరు గుర్తు చేసుకోవాల్సిన అవసరమే రాలేదు. గుర్తు చేస్తే అవతలివాళ్ల మీద నమ్మకం లేనట్టు ఉంటుందని ముగ్గురికీ మొహమాటం. చంద్రుణ్ని బట్టి నడిచే ఈ మూడూ ఏదో ఒక ఏడాది ఒకే శుక్రవారం మీద వచ్చి కూర్చుంటాయని ఎవరికీ తట్టలేదు. మర్యాద ఎక్కువై కొంప మునగడమంటే ఇదే.

"ఒక్కపూట మూసేద్దామా?" అంది ఇర్మా. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనకే చేదుగా అనిపించింది.

"డ్వైట్ అప్పుడే మెట్ల మీద కూర్చున్నాడు. ఇవాళ ఏం కాస్తున్నారని అడుగుతున్నాడు. మిల్లు వీధి బిల్డింగులో హీటర్లు ఆగిపోయి నాలుగు రోజులైంది. ఆ పిల్లలంతా ఇక్కడికే వస్తారు, వెచ్చగా ఉంటుందని."

ఇర్మా ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి నార్మన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి తలుపు చేరవేశాడు. పిండి డబ్బాల మధ్య, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత ఇరుకులో, మొగుడూ పెళ్లాం గుసగుసల్లో పోట్లాడుకున్నారు.

"మూడయ్యేదాకా మాట్లాడకూడదు" అన్నాడు నార్మన్.

"నువ్వేగా మాట్లాడుతున్నావు."

"నేను మాట్లాడట్లేదు, ఆపుతున్నాను. సిలువ పట్టుకుని అన్నావు, ఇర్మా. నేను విన్నాను. అమ్మ విన్నది."

"విన్నావిడ నాతో ఓ మాట అనొచ్చుగా."

"ఈ పూట కుదురుగా కూర్చో, ఆదివారానికి తనే అంటుంది. ఇప్పుడు గడప దాటావంటే చచ్చేదాకా అనదు. ఆవిడ సంగతి నీకు తెలీదు. పెళ్లి కేకు దగ్గర మాటామాటా వచ్చి మా పిన్నితో మాట్లాడ్డం మానేసింది. అంత్యక్రియల్లో కూడా పలకరించలేదు."

"శవాన్ని ఎవరు పలకరిస్తారు?"

"పోయింది మా బాబాయి. పిన్ని ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. అయినా పలకరించలేదు."

నవ్వు వచ్చేదే. రాలేదు.

"మిగతావాళ్లు లేరా? ఎప్పుడూ నువ్వే దొరుకుతావా?" అన్నాడు నార్మన్.

"వాళ్లకీ ఇవాళే పండగ."

"వాళ్లది పండగ. మనది ఏడ్చే రోజు. మనకే ఎక్కువ."

"అయితే ఆ మెట్ల మీద వాళ్లు ఏం తింటారు?"

"ఒక్కపూట ఉపవాసం ఉంటారు. ఊరంతా ఉంటోందిగా."

ఇర్మా అతని మొహంలోకి చూసింది. "మనం మానేస్తున్నాం, నార్మన్. వాళ్లకి లేదు. రెండూ ఒకటి కాదు."

నార్మన్ తలుపు లాగి తెరిచాడు. "వెళ్తే వెళ్లు. ఆ కిందికి మాత్రం నేను రాను. నీకోసం ఎదురుచూడను కూడా."

వంటింట్లోకి వచ్చి ఇర్మా అత్తగారి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ మూడు గంటల్లో పైకి మాట్లాడటం అదే మొదలు.

"మెమేర్, నేను వెళ్లాలి. మూడింటికి నార్మన్ తీసుకొస్తాడు. మీ చెయ్యి పట్టుకుంటానన్నాను, ఆ మాట తప్పుతున్నాను. ఉపవాసం మాత్రం తప్పను. అది నాతోపాటే ఉంటుంది."

మెమేర్ జపమాలలో ఒక పూస జరిపింది. కిటికీ వైపు మొహం తిప్పుకుంది. బయట మంచు కరిగి, పెరడంతా బురదగా ఉంది. తిట్టినా బాగుండునని ఇర్మా కాసేపు అలాగే కూర్చుంది. తిట్టలేదు. ఇర్మా కోటు తగిలించుకుని వెళ్లిపోయింది.

*

వంటశాల తాళం తీసేసరికి హలీమో మసీదు నుంచి తిరిగొచ్చింది, వెంట నలుగురు ఆడవాళ్లని తీసుకుని. ప్రార్థన ముగియగానే గుమ్మంలో నిలబడి సంగతి చెప్పిందట, వాళ్లు చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూనే బయల్దేరారట. ఉపవాసంతో అందరి పెదాలూ ఎండి ఉన్నాయి. ఎవరికీ మొహంలో నీరసం లేదు.

వెనకే సిడ్నీ రుడ్నిక్ దిగాడు. చెప్పుల దుకాణం మూసి పదేళ్లయినా మనిషిని చూడగానే ఆయన కళ్లు ముందు కాళ్ల మీదికే పోతాయి.

"మీరెందుకొచ్చారు? ఇంట్లో పండగ పెట్టుకుని" అంది ఇర్మా.

"మా ఆవిడ గెంటేసింది. పండగ గిన్నెలు దించుతుంటే కాళ్లకి అడ్డం పడుతున్నానట. చీకటి పడేలోగా ఇంట్లో ఉంటే చాలంది." కోటు విప్పి మేకుకి తగిలించాడు. "ముందే చెప్తున్నా. రొట్టె ముట్టను, బార్లీ ముట్టను, నూడుల్స్ ఉన్న వైపు తొంగి కూడా చూడను. బంగాళాదుంపలైతే కొండైనా చెక్కిపెడతాను."

"మాంసం మాకు పనికిరాదు ఇవాళ" అంది ఇర్మా.

"పంది కొవ్వు మాకు ఏ రోజూ పనికిరాదు" అంది హలీమో.

సిడ్నీ అలమరలోకి చూసి లెక్క వేశాడు. "మన ముగ్గురికీ పనికిరానివన్నీ తీసేస్తే మిగిలింది బంగాళాదుంప, ఉల్లిపాయ, పాలు. ఈ బంగాళాదుంప మీద ఏ దేవుడికీ కోపం లేదు. అదృష్టవంతురాలు."

హలీమో నవ్వింది. ఇర్మాకీ నవ్వొచ్చింది, పొద్దుటి నుంచి మొదటిసారి.

పెద్ద కడాయి పొయ్యి మీదికెక్కింది. నలుగురు ఆడవాళ్లూ ఉల్లిపాయలు పంచుకున్నారు. సిడ్నీ కత్తి పట్టుకుని కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. కింద పని ఊపందుకుంటుండగా పైన చర్చిలో చెక్క గిలక టకటకమంది. గుడ్ ఫ్రైడే నాడు గంటలు మోగించరు. గంట బదులు ఆ చెక్క చప్పుడే పిలుపు.

"మొదలైంది" అంది ఇర్మా. వేలు పెదాల మీద పెట్టుకుంది. "ఇవాళ పాటలకి వాయిద్యం కూడా ఉండదు. కింద చెంచా పడితే పైన వినపడుతుంది."

హలీమో తన భాషలో నలుగురికీ చెప్పింది. వాళ్లలో పెద్దావిడ అలమర తెరిచి తువ్వాళ్లు తీసి మడతపెట్టి, తరిగే పలకల అడుగున ఒక్కొక్కటీ పరిచింది. మిగతావాళ్లు జోళ్లు విప్పి గోడవార పెట్టి మేజోళ్లతో నడవసాగారు. సిడ్నీ చెక్కిన దుంపల్ని నీళ్లలోకి విసరడం మానేసి, ఒక్కొక్కదాన్నే చేత్తో లోపల దాకా దించి వదులుతున్నాడు. తనకేమీ కాని ప్రార్థన కోసం ఆ పెద్దాయన దుంపకి కూడా చప్పుడు కాకుండా చూస్తున్నాడు.

ఇర్మా గరిటె పట్టుకుని వాళ్లనే చూస్తూ ఉండిపోయింది. ఇంతమంది మనుషులు ఇంత పని ఇంత నిశ్శబ్దంగా చేయడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో మెమేర్ మూడు గంటలు ఊరుకోమన్నది కూర్చుని ఊరుకోమని. ఇక్కడ చేతులు ఆగకుండానే ఊరుకుంటున్నారు.

ఉన్నట్టుండి పైకప్పు దూలాలు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కసారిగా మూలిగాయి. హలీమో ఉలిక్కిపడి పైకి చూసింది.

"ఏంటది?"

"మోకరిస్తున్నారు" అంది ఇర్మా నెమ్మదిగా.

"అందరూ ఒకేసారా?"

"ఒకేసారి."

హలీమో తల దించలేదు. "మేమూ అంతే, అందరం ఒక్కసారే వంగుతాం. ఎప్పుడూ కింద నుంచి వినలేదు. ఇంత బరువుంటుందా."

కాసేపటికి పైన అడుగుల చప్పుడు మొదలైంది. సిలువని ముద్దు పెట్టుకోవడానికి ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. బూట్లు, పిల్లల పరుగులు, మడమలు. వాటి మధ్య ఇర్మాకి ఒక చప్పుడు వినపడింది. కర్ర. కర్ర తర్వాత ఈడ్చిన పాదం, మళ్లీ కర్ర.

గరిటె ఆగిపోయింది. ఆ కర్ర చప్పుడు గుమ్మం వైపు నుంచి బయల్దేరి, నడవ పొడవునా వచ్చి, సరిగ్గా పొయ్యి మీది కప్పు దగ్గర, అంటే సిలువ ముందు నిలిచింది. వంగడానికి ఒక చెయ్యి కర్రకి కావాలి. రెండో చెయ్యి కట్టులో ఉంది. పట్టుకుంటానన్న మనిషి ఆవిడ కాళ్ల కింద, నేలకి ఇవతల నిలబడి ఉంది.

ఇర్మాకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, చప్పుడు మాత్రం రానివ్వలేదు.

"ఎవరు?" సిడ్నీ పెదాలతోనే అడిగాడు.

"మా అత్తగారు."

సిడ్నీ కత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. హలీమో చెప్పకుండానే మిగతా ఆడవాళ్లు కూడా చేతులు దించారు. పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. అందరూ కప్పు వైపు చూస్తూ, ముసలావిడ వంగి, మళ్లీ లేచేదాకా ఎదురుచూశారు. చాలాసేపు పట్టింది. కర్ర మళ్లీ టక్కుమన్నాక గాని ఎవరూ కత్తి ముట్టుకోలేదు.

*

చర్చి ఖాళీ అయ్యేసరికి బయట సన్నగా వాన మొదలైంది. ప్రార్థనకొచ్చినవాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా తలలు దించుకుని ఇళ్లకి పోయారు. ఆ రోజు ఆనవాయితీ అది. కిటికీ అవతల వరస మాత్రం మలుపు దాకా పెరిగింది. ముందు డ్వైట్. అతని వెనక మిల్లు వీధి పిల్లలు, ఒకే దుప్పటి కింద ముగ్గురు.

ఆ వంటశాలలో ఒక పద్ధతుంది. దానికి మూలపురుషుడు డ్వైటే. వంటశాల తెరిచిన కొత్తలో, ఇర్మా పోసిచ్చిన గిన్నె అందుకోకుండా, కలప లారీలు తోలిన ఆ మొరటు మనిషి సూటిగా అడిగాడు. "దీన్ని మీరు తింటారా?" ఇర్మా మారుమాట లేకుండా ఆ గిన్నె అక్కడే, అందరి ఎదుటా నిలబడి తాగింది. అప్పటి నుంచి కిటికీ తెరవగానే మొదటి గిన్నె లోపలి మనిషి ఒకరు తినాలి. అందరూ చూస్తుండగా తినాలి. ఆ తర్వాతే రెండో గిన్నె బయటికి పోవాలి. ఒక్క సాయంత్రం కూడా అది తప్పలేదు.

సూపు కడాయిలో చిక్కగా ఉంది. ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు.

"నా వల్ల కాదు" అన్నాడు సిడ్నీ. "నేను ఇంటికి పెద్దకొడుకుని. పస్కా ముందు పగలు పెద్దకొడుకులకి ఉపవాసం. అది పోనీ అనుకున్నా, ఈ గిన్నెలు ఏడాదంతా రొట్టెలో నానినవి. వీటిలో నీళ్లు తాగినా మా ఆవిడ రాత్రి బల్ల దగ్గర కూర్చోనివ్వదు."

"పొద్దు గూకడానికి ఇంకా చాలా ఉంది" అంది హలీమో. "వండేవాళ్లం నాలుక మీద పెట్టి ఉమ్మేయొచ్చు, అంతవరకు పర్వాలేదు. కాని వాళ్ల ఎదురుగా నిలబడి ఉమ్మితే ఏమనుకుంటారు?"

"మానేద్దామా?" సిడ్నీ కిటికీ వైపు చూశాడు. "ఇన్నేళ్లయింది. వాళ్లేం అనరు."

"అనరు" అంది హలీమో. "అందుకే మానకూడదు."

బయట డ్వైట్ అద్దానికి మొహం ఆనించి చూస్తున్నాడు. ఇర్మా ఒక గిన్నె తీసి నిండా పోసింది. చెంచా అందుకుంది.

"నేను తింటాను."

"నువ్వు ఒట్టు పెట్టుకున్నావన్నావు" అంది హలీమో.

"ఇవాళ సగం ఒట్టు మధ్యాహ్నమే తప్పాను. మిగతా సగం పట్టుకుని ఏం చేసుకుంటాను?" అంది ఇర్మా. ఆ సగమే తనకి మిగిలింది. దాన్ని ఆదివారం దాకా కాపాడుకుని, ఇదిగో ఇదొక్కటైనా నిలుపుకున్నాను అని మెమేర్ ముందు పెట్టాలనుకుంది. ఇప్పుడు అదీ పోతే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

కిటికీ తలుపు పైకి లేపింది. చల్లగాలి లోపలికొచ్చింది. వరసలో మాటలు ఆగిపోయాయి.

అప్పుడు మెట్ల మీద కర్ర చప్పుడైంది.

ఇర్మా చెంచాతోనే వెనక్కి తిరిగింది. మెట్ల పైన మెమేర్ ఒక్కతే నిలబడి ఉంది. పక్కన నార్మన్ లేడు. ఇంట్లో జారిపడ్డవి కూడా ఇలాంటి మెట్లే. పడ్డాక ఇంతవరకు ఆవిడ ఒక్క మెట్టు కూడా సొంతంగా దిగలేదు. ఇర్మా ఒక అడుగు వెయ్యబోయింది. ముసలావిడ కర్ర ఎత్తి అక్కడే ఆగమని సైగ చేసింది.

హలీమో ఆగలేదు. రెండేసి మెట్లు ఎక్కి, ఆవిడ కన్నా ఒక మెట్టు కింద నిలబడి మోచెయ్యి అందించింది.

"అయేయో, పట్టుకోండి." వాళ్ల ఇళ్లలో అమ్మమ్మలనీ నాయనమ్మలనీ అలా పిలుస్తారు.

మెమేర్ ఆ చేతిని చూసింది. "ఆ జనం" అని తప్ప ఏ రోజూ ఇంకో పేరు పెట్టి పిలవని మనుషుల చెయ్యి. పిండికట్టు చేతిని దాని మీద ఆనించింది. ఇద్దరూ మెల్లగా దిగారు.

కింద నిలబడి ఆవిడ చుట్టూ చూసింది. గోడవార వరసగా పెట్టిన జోళ్లు. పలకల అడుగున తువ్వాళ్లు. మేజోళ్ల కాళ్లతో నిలబడ్డ ఆడవాళ్లు. ఆ తర్వాత తల ఎత్తి కప్పు వైపు, సరిగ్గా పొయ్యి మీదికి, తను వంగిన చోటికి చూసింది. పైన ఉన్నంతసేపూ కింద ఎవరూ లేరనుకుని ఉంటుంది. ఆ మొహంలో కోపం ఎటు పోయిందో ఇర్మాకి తెలియలేదు. చిన్నపిల్ల మొహంలా విప్పారింది.

కిటికీ దగ్గరికొచ్చింది. ఇర్మా చేతిలోని గిన్నె చూసింది, చెంచా చూసింది. ఏం జరగబోతోందో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కుడిచేతి కర్రని గోడకి ఆనించి, చెంచా లాగేసుకుంది.

"నువ్వు మాటిచ్చావు" అంది మెమేర్.

ఇన్ని రోజులకి పలికిన మాట. ఇర్మా తల దించుకుంది.

"నేనివ్వలేదు" అంది మెమేర్.

ఈ వయసులో ఉపవాసం అక్కర్లేదని పాదిరి ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఆవిడ చెవిన వేసుకున్నది లేదు. చిన్నప్పుడు చర్చిలో మొదటి కమ్యూనియన్ ప్రసాదం అందుకున్న నాటి నుంచి ఏ గుడ్ ఫ్రైడే నాడూ చీకటి పడేలోగా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టని మనిషి. కాన్పు నొప్పుల్లో కూడా ముట్టలేదని నార్మన్ గొప్పగా చెబుతుంటాడు. ఆ మనిషి కిటికీకి ఎదురుగా నిలబడి, వాన చూస్తుండగా, డ్వైట్ చూస్తుండగా, చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది.

డ్వైట్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలిసి ఉండదు. వెనక వరసలో ఇంకో ఇద్దరు తీశారు. పైన జరగాల్సిన పూజలో ఏదో ముక్క ఇక్కడికి దిగి వచ్చినట్టు, అందరూ కదలకుండా నిలబడ్డారు.

మెమేర్ మింగింది. కాసేపు ఆలోచించింది.

"ఉప్పు లేదు" అంది.

హలీమో సిడ్నీ వంక చూసింది. "మీరు వేశారనుకున్నా."

"ఇర్మా వేసిందనుకున్నా" అన్నాడు సిడ్నీ.

"హలీమో వేసే ఉంటుందనుకున్నా. అడిగితే బాగోదని" అంది ఇర్మా. అంటూనే తనకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కిటికీ అవతల డ్వైట్ పగలబడి నవ్వాడు. దుప్పటి కింద పిల్లలు ఏం జరిగిందో తెలియకుండానే నవ్వారు.

మెమేర్ నవ్వలేదు. ఉప్పు డబ్బా తెమ్మని చెయ్యి చాపి, కడాయిలో మూడు గుప్పెళ్లు తనే వేసి, గరిటె తిప్పమని సిడ్నీకి కళ్లతో చెప్పింది. మళ్లీ ఒక చెంచా తాగి తలూపింది. అప్పుడు రెండో గిన్నె బయటికి పోయింది, మూడోది పోయింది. గిన్నెల మీద ఆవిరి వానలోకి లేస్తోంది.

వీధిలోంచి హారన్ మోగింది. నార్మన్ బండి. ఆగి, మళ్లీ మోగింది, ఈసారి ఎక్కువసేపు.

"మెమేర్, నార్మన్ పిలుస్తున్నాడు" అంది ఇర్మా.

"మోగించుకోనీ. కింద నువ్వు లేవని అబద్ధమాడాడు నాతో. ఎవరికో ఒంట్లో బాగాలేక వెళ్లావన్నాడు. బయటికి రాగానే ఈ వరస కనపడదా నాకు?" ముసలావిడ వరసని ఆ చివర దాకా చూసింది. "అదలా ఉంచి, రేపెవరి వంతు?"

రేపు శనివారం. సిడ్నీకి పని ముట్టకూడని సబ్బాతు, పైగా పస్కా. హలీమోకి రంజాన్. ఇర్మాకి ఈస్టర్ ముందు రోజు. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

మెమేర్ వాళ్లని ఒక్కొక్కళ్లనే చూసి, మేకుకి వేలాడుతున్న ఏప్రన్ వైపు నడిచింది. ఒంటిచేత్తో తీసి మెడలో వేసుకుంది. వెనక తాళ్లు వేలాడుతున్నాయి. ఒక చేత్తో ముడి పడదు. తిరిగి చూడకుండా, గోడ వైపు మొహం పెట్టి, కోడలి కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

ఇర్మా దగ్గరికి వెళ్లి తాళ్లు అందుకుంది. ముడి జారిపోయింది. మళ్లీ వేసింది. వీధిలో హారన్ ఆగిపోయింది. బండి తలుపు గట్టిగా మూసిన చప్పుడు, ఆ వెంటనే మెట్ల పైన బరువైన అడుగులు వినపడ్డాయి.

"గట్టిగా బిగించు" అంది మెమేర్. "మూడు రోజులు ఉండాలి."